వచ్చి వెళ్లినవారి జాడలు: బత్తలపల్లి నుంచి హిందూపురం దాకా

అనంతపురం నుంచి కదిరి వైపు సాగే 42వ నంబరు జాతీయ రహదారి, బత్తలపల్లి, ముదిగుబ్బల మీదుగా పోతూ, ఎర్రనేలలూ రాతిగుట్టలూ పొడిబారిన వంకలూ తప్ప మరేమీ లేవన్నట్టు మొదట కనిపించే మెట్టప్రాంతం గుండా వెళ్తుంది. పశ్చిమ కనుమలు నైరుతి ఋతుపవన మేఘాలను అడ్డగించి వాటి తడిని తమవైపే కురిపించుకోగా, కనుమలకు తూర్పున మిగిలిపోయే ఇటువంటి నేలను భూగోళశాస్త్రం వర్షచ్ఛాయా ప్రాంతం అంటుంది. ఈశాన్య ఋతుపవనాలు కూడా తూర్పుతీరం దాటి ఇక్కడికి చేరేసరికి నీరసించిపోతాయి గనుక, ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున దక్కే వాన దాదాపు 550 మిల్లీమీటర్లే. కృష్ణా డెల్టాలో కాలువగట్ల మీద పెరిగినవారికి, పుష్యమాసపు ఉదయాన బస్సు కిటికీలోంచి కనబడే ఈ దృశ్యం ముందు లేమిగానే తోస్తుంది. కోతకు వచ్చిన కంది చేలు, పీకిన చెనిక్కాయ (వేరుశనగ) చెట్ల వాములు, బోరు ఉన్నచోట మాత్రమే పచ్చగా నిలిచిన చీనీ (బత్తాయి) తోటలు, వాటి వెనుక ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న బండలు క్రమంగా కంటికి అలవాటయ్యాక గాని, ఈ నేలకు తనదైన పొదుపు ఉందన్న సంగతి అర్థం కాదు.

గత అర్ధశతాబ్దిలో సేవ నిమిత్తం విదేశీయులు ఇంత విరివిగా వచ్చిపోయిన గ్రామీణ ప్రాంతాలు తెలుగునాట అరుదు. స్పెయిన్ నుంచి దాతలూ వైద్యులూ వచ్చారు, పుట్టపర్తికి నానాదేశాల భక్తులు వచ్చారు, చెన్నేకొత్తపల్లి గుట్టల్లో అడవి పెంపకం చూడటానికి యువతీయువకులు వచ్చారు. పరాయి దేశంలో కొన్నాళ్లుండి జీతం లేకుండా పనిచేయడాన్నీ, ఆ దేశాన్ని చూడటాన్నీ కలిపి చేసే ఇటువంటి ప్రయాణాన్ని ఇప్పుడు సేవా పర్యాటకం అంటున్నారు; అది చాలా దేశాల్లో రుసుము కట్టి కొనుక్కునే సరుకుగా మారిపోయింది కూడా. దాని బాధ్యతల గురించి వెలువడే రచనల్లో ఎక్కువ భాగం వెళ్లేవారిని ఉద్దేశించినవే: ఏ సంస్థను ఎంచుకోవాలి, ఏ దుస్తులు ధరించాలి, ఏ అలవాట్లు మానుకోవాలి అన్నవే వాటిలో ఉంటాయి. బత్తలపల్లి నుంచి ముదిగుబ్బ, ధర్మవరం, పెనుకొండల మీదుగా హిందూపురం వరకు సాగిన ఈ ప్రయాణం మాత్రం, వచ్చినవారు వెళ్లిపోయాక ఏమి మిగిలింది, దాన్ని ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు, వారిని ఆదరించడానికి ఊళ్లు తమ వైపు నుంచి ఏమి ఖర్చుపెట్టాయి అన్న ప్రశ్నలతో సాగింది.

బత్తలపల్లిలో రోడ్డు పక్కనే ఉన్న ఆసుపత్రిని ఇక్కడివారెవరూ పూర్తి పేరుతో పిలవరు. 'ఆర్డీటీ ఆసుపత్రి' అంటే చాలు, ఆటోలో కూర్చున్నవాళ్లందరికీ తెలుస్తుంది. గ్రామీణాభివృద్ధి సంస్థ అని అర్థమిచ్చే ఆంగ్లపదాల పొడి అక్షరాలే ఆర్డీటీ. దాని స్థాపకుడు విసెంటె ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టి, జెసూట్ సభకు చెందిన మతసేవకుడిగా 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో బావులు తవ్వుకునే రైతులకు తోడ్పడుతూ పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరే స్థానిక పెద్దలకు కంటగింపై, 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1969లో తిరిగివచ్చినప్పుడు ఆయన ఎంచుకున్నది అనంతపురం. ఆ తరువాత జెసూట్ సభను వదిలి, పత్రికారచయిత్రి ఆన్ పెరీని పెళ్లాడి, 2009 జూన్ 19న మరణించేవరకు, అంటే నలభై ఏళ్లపాటు, ఇక్కడే ఉండిపోయాడు. ఆయన సమాధి కూడా బత్తలపల్లిలోనే ఉంది.

ఆ నలభై ఏళ్లలో కట్టిన ఇళ్లు, తవ్వించిన కుంటలు, నడిపిన బడులు ఎన్నో అన్నది సంస్థ నివేదికల్లో దొరుకుతుంది. యాత్రికుడికి ఆసక్తి కలిగించేది ఆ లెక్క కన్నా పనిచేసేవారి పొందిక. ఈ పనికి డబ్బులో అధిక భాగం స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు నెలనెలా పంపే విరాళాల నుంచి వచ్చింది; 1996లో అక్కడ ఫెర్రర్ పేరుతోనే ఒక సంస్థ ఏర్పడింది. కాని గ్రామాల్లో తిరిగే కార్యకర్త, ఆసుపత్రిలో సూదివేసే నర్సు, ఇళ్ల పునాదికి కొలతలు పెట్టే మేస్త్రీ, లెక్కలు రాసే గుమాస్తా దాదాపు అందరూ ఈ చుట్టుపక్కల ఊళ్లవారే. విదేశీయులు వచ్చినా, ఒక ప్రత్యేక విద్య తెలిసిన వైద్యులుగానో శిక్షకులుగానో వచ్చి, ఆ విద్యను ఇక్కడివారి చేతుల్లో పెట్టి వెళ్లడమే వారికి అప్పగించిన పని. హెచ్.ఐ.వి. రోగులకు ఇక్కడ ఏళ్ల తరబడి సాగిన చికిత్స, దాని ఆధారంగా వెలువడిన వైద్యపరిశోధన, 2020లో కోవిడ్ రోగుల కోసం ఆసుపత్రిని సిద్ధం చేయడం వంటివి సెలవుల్లో వచ్చి వెళ్లేవారితో జరిగే పనులు కావు. గోడకు సున్నం వేయడానికి ఖండాంతరం నుంచి మనుషులు రానవసరం లేదన్న ఇంగితం ఈ ఏర్పాటులో ఉంది. ధర్మవరం సంతలో సున్నమూ దొరుకుతుంది, సున్నం వేసేవాడూ దొరుకుతాడు.

ఇక్కడ 1968వ సంవత్సరం గురించి కొంత ఆగి ఆలోచించవలసి ఉంది. ఫెర్రర్ దేశం విడిచిన ఆ ఏడాదే, ఏప్రిల్ నెలలో, మెక్సికోలోని క్వెర్నవాకా పట్టణంలో ఇవాన్ ఇలిచ్ అనే మరొక క్యాథలిక్ మతగురువు, వేసవిలో పేదలకు సేవచేయడానికి వచ్చే అమెరికన్ విద్యార్థుల సభలో మాట్లాడుతూ, వారు రావద్దనీ, వచ్చినా చూడటానికీ నేర్చుకోవడానికీ మాత్రమే రావాలనీ, ఉపకారం చేస్తున్నామన్న భావనను ఇంటి దగ్గరే వదిలి రావాలనీ నిష్కర్షగా చెప్పాడు. సేవా పర్యాటకాన్ని విమర్శించేవారు నేటికీ ఆ ప్రసంగాన్నే ఉదాహరిస్తారు. ఇలిచ్ వాదం కాదనలేనిది: భాష రానివాడు, పంట తెలియనివాడు, తప్పుచేస్తే ఫలితం అనుభవించకుండా విమానమెక్కి వెళ్లిపోగలవాడు ఇంకొకరి ఊరికి బాగు చేయబోవడంలో ఒక అహంకారం దాగి ఉంది. అయితే అదే మతవ్యవస్థ నుంచి బయటికొచ్చిన ఫెర్రర్ జీవితం ఆ వాదానికి ఒక మినహాయింపును చూపుతుంది. రావద్దన్న మాటకు వెళ్లిపోలేనంతకాలం ఉండిపోవడం ఒక జవాబే. ఈ రెండింటి నడుమ ఉన్నదే చిక్కు. రెండు వారాల సెలవుతో వచ్చేవారు ఇలిచ్ చెప్పినట్టు ఆగిపోనూలేరు, ఫెర్రర్ చేసినట్టు ఉండిపోనూలేరు.

మధ్యేమార్గం అంతకుముందే ఒకటి ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో ధ్వంసమైన ఫ్రెంచి గ్రామాన్ని తిరిగి కట్టడానికి 1920లో స్విట్జర్లాండుకు చెందిన పియర్ సెరెసోల్ శత్రుదేశాలవారిని ఒకచోట చేర్చి శ్రమశిబిరం ఏర్పాటు చేశాడు. 1934లో బీహారులో భూకంపం వచ్చినప్పుడు కొద్దిమంది సహచరులతో అక్కడికి వచ్చి, కూలిన ఊళ్ల పునర్నిర్మాణంలో పలుగూ పారా పట్టాడు. అడిగినవారి అవసరం తీరేదాకా, ఊరివారితో కలిసి, ఊరివారి మేస్త్రీ కింద పనిచేయడం ఆ పద్ధతి. అందులో సేవకుడికి పైచేయి లేదు. నేటి సేవాపర్యటనలు ఆ శిబిరాల నుంచి పుట్టినవే అయినా, మేస్త్రీ కింద పనిచేసే నియమాన్ని మాత్రం దారిలో ఎక్కడో జారవిడిచాయి.

బత్తలపల్లి దాటాక పల్లెల్లో విదేశీ అతిథులకు జరిగే స్వాగతం ఈ ప్రాంతపు మర్యాదకు మచ్చుతునక. ఊరి మొదట్లో డప్పులు మోగుతాయి, ఆడవాళ్లు నొసట కుంకుమ దిద్ది చామంతి దండలు వేస్తారు, టెంకాయ కొడతారు, బడిపిల్లలు కోలాటం ఆడతారు. దేవుడి ఊరేగింపుకు తక్కువ కాకుండా అతిథిని రచ్చకట్ట దాకా తీసుకుపోతారు. చూడటానికి కన్నులపండువే. కాని పూలదండల ఖర్చును ఎవరో ఇస్తారు గాని ఆ పూట కూలిని ఎవరూ ఇవ్వరు. కంది కోతల కాలంలో ఒక పల్లెలోని ఆడవాళ్లందరూ సగం రోజు పని మానుకుని నిలబడితే పోయే కూలి మొత్తం ఎంతో, ఆ అతిథి తెచ్చిన బొమ్మలూ మిఠాయిలూ ఎంత చేస్తాయో పక్కపక్కన పెట్టి చూసినవారు తక్కువ. సహాయం పొందుతున్నవారికి స్వాగతం ఐచ్ఛికంగా ఉంటుందా అన్నది ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్న. ఆతిథ్యం ఇచ్చేవారికి ఇవ్వకుండా ఉండే వీలు కూడా ఉన్నప్పుడే అది ఆతిథ్యం అవుతుంది. దూరదేశంలో ఉండి ఒక పిల్ల చదువుకు డబ్బు పంపిన కుటుంబం ఆ పిల్లను చూడాలనుకోవడం సహజమే, ఆ కలయికలోని కన్నీళ్లు నిజమైనవే. అయినా డప్పులు లేకుండా, కోతలు లేని నెలలో, సాయంత్రం పనిదిగాక రావడం ఎవరికీ కష్టం కాదు.

ఇటువంటి సందర్భాల్లో ఇద్దరి మధ్య నిలబడేది దుబాసీ. అనంతపురంలో ఆర్డీటీ నడిపే విదేశీ భాషల శిక్షణాలయంలో పల్లెల నుంచి వచ్చిన యువతీయువకులు స్పానిష్, జర్మన్, ఫ్రెంచి వంటి భాషలు నేర్చుకుంటున్నారు. వారిలో పలువురు ఆ భాషలతో బెంగళూరు కంపెనీల్లో ఉద్యోగాలు సంపాదించారు. చేలో చెనిక్కాయలు పీకిన తల్లికి పుట్టిన పిల్ల మాడ్రిడ్ నుంచి వచ్చిన అతిథికి అదే చేను గురించి అతిథి భాషలో వివరించడం ఈ ప్రాంతంలో ఇప్పుడు వింత కాదు. ఎంత ఆస్తి ఉంది, మొగుడు తాగుతాడా, ఎందుకు ఇంతమంది పిల్లలు వంటి ప్రశ్నలను మర్యాదగా మరోలా మార్చి అడగడమో, అసలు అడగకుండా వదిలేయడమో ఆ దుబాసీ విచక్షణే.

ముదిగుబ్బ పేరుకు మండల కేంద్రమైనా స్వభావానికి కూడలి ఊరు. కదిరి, ధర్మవరం, అనంతపురం దిక్కుల బస్సులు ఇక్కడ ఆగి, జనాన్ని దించి, ఎక్కించుకుని పోతుంటాయి. ధర్మవరం నుంచి పాకాల వెళ్లే రైలుమార్గం మీద స్టేషనూ ఉంది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లా విడిపోయినప్పుడు ఈ మండలం పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఉదయం పూట హోటళ్లలో దొరికే ఉగ్గాని, అంటే బొరుగులను నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ తాలింపులో వేసి, పుట్నాలపొడి కలిపి చేసే ఫలహారం, పక్కన మిరపకాయ బజ్జీతో కలిసి వస్తుంది. మధ్యాహ్నం రాగిసంగటి ముద్ద, పుంటికూర, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి. డెల్టావారి నాలుక మీద ఈ కారం మొదట మంట పుట్టించినా, సంగటి ముద్దను నమలకుండా మింగే పద్ధతి అలవడ్డాక, వరి అన్నం తిన్నప్పటికన్నా సాయంత్రం వరకు ఆకలి అనిపించకపోవడం గమనించవలసిన విషయం. తక్కువ నీటితో పండే రాగీ కొర్రా ఇక్కడి వంటింట్లో ఉన్నా, గత అర్ధశతాబ్దిలో చేలల్లో వాటి స్థానాన్ని వేరుశనగ ఆక్రమించింది. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఆ ఒక్క పంటే దాదాపు ఎనిమిది లక్షల హెక్టార్లలో వేశారు. వాన తప్పిన ఏడు చేను మొత్తం ఒకేసారి పోవడం, మనుషులు బెంగళూరుకో కేరళకో గల్ఫ్ దేశాలకో వలసపోవడం ఆ ఏకపంట ఫలితాలే.

అపరిచితుల పట్ల ముదిగుబ్బవారి తీరు సూటిగా ఉంటుంది. "యా ఊరు మీది? ఎవురింటికొస్తిరి?" అన్నది మొదటి ప్రశ్న, "అన్నం తింటిరా?" అన్నది రెండోది, ఈ రెండింటికీ జవాబు దొరికాక గాని మూడో మాట రాదు. తీరంలో అపరిచితుణ్ని ముందు ఉద్యోగం అడుగుతారు. ఇక్కడ ఉద్యోగం ఊసు ఆలస్యంగా వస్తుంది, వచ్చినా అంత ముఖ్యం కాదు. ఎవరింటికీ రాలేదు, ఊరిని చూడటానికి వచ్చాము అన్న జవాబు మాత్రం వారికి కొరుకుడుపడదు. ఒకరి చుట్టంగానో ఒక పని మీదో కాకుండా మనిషి ఎందుకు ప్రయాణం చేస్తాడన్నది వారి సందేహం, అది న్యాయమైన సందేహమే.

ఈ మండలంలోనే మద్దిలేరు మీద యోగి వేమన జలాశయం ఉంది. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కూడా కదిరికి అవతల, ఈ చుట్టుపక్కలదే. జలాశయపు కట్ట మీద నిలబడితే, నీరు ఈ ప్రాంతంలో ఎంత దూరం నుంచి, ఎంత ఖర్చుతో సమకూరుతుందో తెలుస్తుంది. శ్రీశైలం వెనుకజలాల నుంచి కృష్ణ నీటిని వరుస ఎత్తిపోతలతో మెట్టుమెట్టుగా పైకి తెచ్చే హంద్రీ–నీవా పథకం ఈ దక్షిణ మండలాల వైపు సాగుతోంది. డెల్టాలో తూము ఎత్తితే చేలోకి జారే అదే కృష్ణ ఇక్కడ కరెంటు బిల్లు కట్టి కొండెక్కవలసి వస్తుంది. తాగునీటి కథ వేరు: 1990ల మధ్యలో పుట్టపర్తిలోని సత్యసాయి బాబా సంస్థ చేపట్టిన పథకం ఉమ్మడి జిల్లాలోని 731 గ్రామాలకు నీరు అందించింది, పల్లెల్లో దాన్ని నేటికీ 'సత్యసాయి నీళ్లు' అంటారు. ఆ పథకానికీ, 1991లో పుట్టపర్తి వద్ద ప్రారంభమైన ఉచిత శస్త్రచికిత్సల ఆసుపత్రికీ విదేశీ భక్తుల ధనమూ, శ్రమా కలిశాయి. అయితే గొట్టాలు వేసింది పెద్ద ఇంజినీరింగు కంపెనీ, వాల్వు తిప్పేది ఊరి మనిషి. భక్తుల చేతికి పార ఇచ్చి కాలువ తవ్వించి ఉంటే ఆ నీళ్లు నేటికీ వచ్చేవా అన్నది అనుమానమే.

బాధ్యత గల ప్రయాణం గురించి మాట్లాడేటప్పుడు ఈ నేలమీద మొదటి కొలమానం నీరే కావాలి. వేడినీళ్ల జల్లు కింద పావుగంట స్నానం చేసే అలవాటున్న అతిథి, రెండు బిందెలతో ఒక ఇంటి పూట గడిచే ఊళ్లో ఎన్ని బిందెలు ఒలకబోస్తున్నాడో ఎవరూ ఆయనకు చెప్పరు; చెప్పకపోవడం మర్యాద కాబట్టి. తాగి పారేసే నీటి సీసాలు ముదిగుబ్బ చెత్తకుప్పల్లోనే మిగులుతాయి, వాటిని తీసుకుపోవడానికి బార్సిలోనా నుంచి ఎవరూ రారు. దారి లెక్క కూడా చిన్నది కాదు: బార్సిలోనా నుంచి బెంగళూరు దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్లు, రానూపోనూ ఒక మనిషి వాటాకు వెలువడే బొగ్గుపులుసు వాయువు సుమారు ఒకటిన్నర టన్నులు ఉంటుంది, సగటు భారతీయుడి ఏడాది మొత్తపు వాటా రెండు టన్నులకు అటూఇటూ. వర్షాలు మరింత అదుపు తప్పుతున్నాయని బెంగపడే రైతుకు తోడ్పడటానికి చేసే ప్రయాణమే ఆ బెంగకు కొంత కారణం అవుతోందన్న విడ్డూరాన్ని తప్పించుకోలేము. అటువంటప్పుడు తరచుగా, కొద్దిరోజులు రావడం కన్నా ఒక్కసారి వచ్చి ఎక్కువకాలం ఉండటం మేలని అంకెలే చెబుతున్నాయి.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కంబోడియాలో విదేశీ పర్యాటకుల రాకతో పాటే అనాథాశ్రమాలూ పెరిగాయనీ, వాటిలోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారనీ యునిసెఫ్ వంటి సంస్థల పరిశీలనల్లో బయటపడింది. జాలిని కొనే గిరాకీ ఉన్నచోట జాలిపడదగిన పిల్లలను సమకూర్చే బేరం మొదలవుతుంది. ఈ జిల్లాలో పిల్లలను ఇళ్లలోనే, తల్లిదండ్రుల దగ్గరే ఉంచి చదివించే పద్ధతి బలంగా ఉండటం వల్ల ఆ ప్రమాదం కొంత దూరంగా ఉంది. అయినా మధ్యాహ్నభోజనం వేళకు బడిలోకి వచ్చి, పిల్లల వరుసను ఫోటోలు తీసి, గంటలో వెళ్లిపోయే అలవాటు దేశీయ అతిథుల్లోనూ కనబడుతుంది. హైదరాబాదు నుంచి పుట్టినరోజు కేకుతో వచ్చే మనవాళ్లూ ఇందుకు మినహాయింపు కారు.

ధర్మవరంలో ఎక్కువసేపు ఆగవలసిన పని లేకపోయింది. పట్టుచీరల దుకాణాలు, వాటి వెనుక సందుల్లో మగ్గాల చప్పుడు, మరమగ్గాల పోటీకి తట్టుకోలేక తగ్గిపోతున్న చేతిమగ్గాల గురించి అందరూ చెప్పే మాటలు అక్కడా వినిపించాయి. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడిని అడగకుండా ఫోటో తీసేవారికి ఆ వీధుల్లో కొదవ లేదు.

ధర్మవరానికి దక్షిణాన చెన్నేకొత్తపల్లి దగ్గర గుట్టల మధ్య 'టింబక్టు కలెక్టివ్' ఉంది. పెనుకొండ కేంద్రంగా వ్యవసాయ కూలీలను సంఘటితం చేసిన ఉద్యమంలో పనిచేసిన బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులు 1990లో ఇక్కడ గొడ్డుపోయిన 32 ఎకరాల నేల కొని, చెట్లు నరకకుండా, మేత మేపకుండా, నిప్పు పడకుండా కాపాడితే నేల తనంతట తాను కోలుకుంటుందా అని చూడటం మొదలుపెట్టారు. పేర్లే చెబుతున్నట్టు ఈ దంపతులూ పరప్రాంతీయులే. ఈ ప్రయోగం తరువాత ముష్టికోవెల, కోగిర వంటి పల్లెల బంజరు గుట్టలకు విస్తరించి, ఏడు వేల ఎకరాలకు మించిన 'కల్పవల్లి' అనే సాముదాయిక అడవిగా పెరిగింది. సాముదాయిక అడవి అంటే అటవీశాఖది కానిది, చుట్టూ ఉన్న ఊళ్లవారే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకునేది. కప్పులకు వేసే బోదగడ్డి, చాపలకూ చీపుర్లకూ పనికొచ్చే ఈతాకు, పశువులకు మేత అందులోంచే వస్తాయి. ఎండాకాలంలో నిప్పు వ్యాపించకుండా గడ్డి కోసి బాటలు తీయడం, కాపలా తిరగడం ఊరివారి పని.

కల్పవల్లిలో నడక నెమ్మదిగా సాగుతుంది. దూరం నుంచి బోడిగా కనబడిన గుట్టలు దగ్గరికి పోయేసరికి మోకాలెత్తు గడ్డితో, వంకల వెంట ఈతచెట్ల వరుసలతో, రాళ్ల సందుల్లో ఊరే నీటితో నిండి ఉంటాయి. నాటిన మొక్కలు తక్కువ, మొలిచినవే ఎక్కువ. సేవ చేయడానికి వచ్చినవారి ఉత్సాహానికి ఇది సరిపడని పని: మొక్క నాటితే ఫోటో ఉంటుంది, గడ్డిని తొక్కకుండా, నిప్పుపుల్ల వేయకుండా, మేకను తోలకుండా ముప్పై ఏళ్లు ఊరుకుంటే ఫోటో ఏముంటుంది? టింబక్టు తోడ్పాటుతో ఏర్పడిన ఈ ప్రాంతపు ఆడవాళ్ల పొదుపు సంఘాలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యాయి. కొర్ర, సామ, రాగి పండించే రైతుల సహకార సంఘం 'ధరణి' పంటను శుభ్రపరచి, బియ్యం పట్టి, నగరాల్లో అమ్ముతుంది. సభ్యులు తమ డబ్బుతో వాటాలు కొన్న సంఘానికి వచ్చిన అతిథి, విరాళం తీసుకునే ఊరికి వచ్చిన అతిథిలా ఉండలేడు. ఆయనను పనికి కుదిరితే పెట్టుకుంటారు, లేకపోతే చూసి పొమ్మంటారు.

కల్పవల్లి గుట్టల మీద 2010 తరువాత గాలిమరలు వచ్చాయి. అవి పర్యావరణహితమైన విద్యుత్తునే ఇస్తాయి, కాని వాటి రెక్కలూ స్తంభాలూ మోసుకుపోయే లారీల కోసం గుట్టలను చెక్కి వేసిన దారుల వల్ల మట్టి కోసుకుపోయి, వంకలు పూడి, మేత తగ్గిందని ఊళ్లవారు ఫిర్యాదు చేశారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునలు దాకా పోయింది. సుస్థిరత అన్న మాటను విమానప్రయాణానికీ గాలిమరకూ ఒకే ఉదారతతో తగిలించడం ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి ఆ గుట్ట మీద ఒక గంట నడిస్తే చాలు. ఎవరి గుట్ట, ఎవరిని అడిగి, ఎవరి లాభానికి అన్న మూడు ప్రశ్నలు అక్కడ సేవకూ వ్యాపారానికీ సమానంగా వర్తిస్తాయి.

1565 తరువాత విజయనగర రాజధానిగా ఉన్న పెనుకొండలో కొండ మీద కోటగోడలు, కింద బాబయ్య దర్గా ఉన్నాయి; ఆ మండలంలోనే ఎర్రమంచి దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం ఉంది. దాని నీళ్లు గొల్లపల్లి జలాశయానివి, అంటే ఎత్తిపోసిన కృష్ణవే. ఆ కర్మాగారంతో వచ్చిన కొరియావారి కోసం రోడ్డు పక్క కొరియా అక్షరాల బోర్డులతో భోజనశాలలు వెలిశాయి. వీరెవరూ సేవ చేయడానికి రాలేదు, ఉద్యోగానికి వచ్చారు. అందుచేత అద్దె దగ్గర ఇక్కడివారు వీరితో గీచిగీచి బేరమాడతారు, ఎక్కువ చెబుతారు, కుదరకపోతే కుదరదంటారు. దండలు వేసి పిలుచుకున్న అతిథితో ఏ పల్లెలోనూ ఎవరూ అలా మాట్లాడి ఉండరు.

ప్రయాణపు చివరి ఊరు హిందూపురం, బెల్లానికీ చింతపండుకూ పేరుపడ్డ వ్యాపారకేంద్రం. దాని పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన సంస్థ ఉంది. దక్షిణ భారతంలో తరతరాలుగా పెంచిన పట్టుపురుగు సంకరజాతులు (రైతుల మాటలో సి.బి.) పసుపుపచ్చని గూళ్లు కడతాయి, వాటి పోగు పొట్టిదీ బలహీనమైనదీ కావడం వల్ల పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారానికి, చైనా పట్టు దిగుమతి చేసుకోవలసి వచ్చేది. 1991 నుంచి 2007 వరకు మూడు దశలుగా జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా, కేంద్ర పట్టు మండలితో కలిసి, బైవోల్టిన్ పురుగులను, అంటే చల్లని దేశాల్లో ఏడాదికి రెండు తరాలు మాత్రమే పెరిగే తెల్లగూటి జాతులను, ఈ ఎండలకు తట్టుకునేలా పెంచే పద్ధతిని కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడుల రైతులకు చేర్చే పనిచేసింది. జపాన్ నిపుణులు మైసూరు పరిశోధన కేంద్రంలో ఇక్కడి శాస్త్రవేత్తలతో కలిసి జాతులను రూపొందించి, షెడ్డును శుద్ధిచేయడం, చాకీ పురుగులను, అంటే పసి పురుగులను, వేరుగా పెంచడం, ఆకు ఎప్పుడు కోయాలన్నది విస్తరణాధికారులకు నేర్పి, గడువు తీరగానే వెళ్లిపోయారు. సి.ఎస్.ఆర్.2, సి.ఎస్.ఆర్.4 జాతుల సంకరం ఆ కృషి ఫలితమే; దాని ఒక్క గూటి నుంచి దాదాపు వెయ్యి మీటర్ల పోగు వస్తుంది.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఉదయం వేలం మొదలయ్యేసరికి రైతులు, పురుగులు గూళ్లు కట్టే చంద్రికల నుంచి విడదీసిన గూళ్లను కుప్పలుగా పోస్తారు. రీలర్లు, అంటే గూళ్లు కొని దారం తీసేవారు, గుప్పెడు గూళ్లు తీసి చెవి దగ్గర ఆడించి, లోపలి పురుగు బరువును చప్పుడుతో పోల్చుకుని, వేళ్లతో నొక్కి చూసి ధర పాడతారు. కుప్పల్లో తెల్లవి ఇప్పుడు బాగా కనబడుతున్నాయి, వాటికి పసుపువాటి కన్నా ధర ఎక్కువ. ఈ పురుగు ఎక్కడిదని అడిగితే, గ్రైనేజీదని, గుడ్లు అమ్మే కేంద్రం పేరు చెబుతారు. జపాన్ పేరు ఎవరి నోటా రాలేదు. "తెల్లవి పెట్టల్లంటే షెడ్డు సల్లగుండల్ల, ఆకు బాగుండల్ల, మందు సరిగా కొట్టల్ల, లేకుంటే సి.బి.నే మేలు సార్" అని ఒక రైతు తేల్చిచెప్పి, పాట తక్కువ పలికిందని తన కుప్పను అమ్మకుండా తిరిగి మూటగట్టుకునే పనిలో పడ్డాడు.